కాషాయపు పట్టు

వరంగల్లు నగరమునకు ఓరుగల్లు, ఏకశిలానగరము అను ప్రాచీన నామములు కలవు. కాకతీయుల కోటలోపల నేటికిని నిలిచియున్న పెద్ద రాతిగుట్టయే ఆ నామములకు మూలమని పెద్దలు చెప్పుదురు. ఆ కోటమీదికి శత్రుసైన్యములు వచ్చినవి, పోయినవి. ప్రాకారములు పలుచోట్ల కూలినవి. శిలాతోరణముల నడుమ వెలసిన ఆలయము శిథిలమైనది. గుట్టమాత్రము చలింపలేదు. దానిని ఎవ్వరును కట్టివేసి యుంచలేదు. తన బరువునంతను విశాలమైన అడుగుభాగముపై మోపి అది తనంతట తాను నిలిచియున్నది.

ఒక మనుష్యుని నేలపై కదలకుండ పట్టియుంచవలెనన్నను ఈ గుట్ట నేర్పు పాఠమే మొదటి పాఠము. పట్టువాడు ఎంత బలవంతుడన్నది పిదప వచ్చు ప్రశ్న. అతడు ఎట్లు కూర్చున్నాడు, తన బరువును ఎచ్చట మోపినాడు అన్నదే ముందు వచ్చు ప్రశ్న. ఈ సత్యమును ఆధారముగా చేసికొని జపానుదేశీయులు జూడో యను విద్యలో కొన్ని పట్టులను రూపొందించిరి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'కెసా-గటామే'. దాని కథయు, దానిలోని కీలకమును తెలిసికొనదగినవి.

తెలుగువారికి మల్లయుద్ధము కొత్తది కాదు. భీమ జరాసంధుల ద్వంద్వయుద్ధమును, భీమ కీచకుల పోరును మన పల్లెలలో చదువురాని వారు సైతము వర్ణించి చెప్పగలరు. కాకతీయులు కళ్యాణి చాళుక్యులకు సామంతులుగా నుండిన 12వ శతాబ్దిలో, చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు మల్లవినోదమునకు ఒక ప్రకరణము కలదు. మల్లుల తరగతులు, వారి ఆహారము, వారి సాధన అందు వివరింపబడినవి. తరువాతి కాలమున తెలంగాణములోని ఊళ్ళలో తాలింఖానాలు వెలసినవి. శ్రీకాకుళపు సీమలోని వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు తన దేహబలముచేత కలియుగ భీముడని పేరొందెను. ఛాతీపై ఏనుగును నిలుపుకొనిన ఆ మహాబలుడు 1942లో పరమపదించెను.

మన కుస్తీలో ప్రత్యర్థిని వెల్లకిల పడవేసి, అతని రెండు భుజములను నేలకు తాకించినవాడు గెలిచినట్లు. భుజములు తాకిన క్షణముననే పోటీ ముగియును. జూడోలో పద్ధతి వేరు. అందు పడవేయుట ఒక విద్య, పడినవానిని పట్టియుంచుట మరియొక విద్య. కొంతకాలము అతనిని లేవనీయక నిలుపగలిగిననే ఆ రెండవ విద్య వచ్చినట్లు. ఒక క్షణము పైచేయి పొందుట కన్న, పొందిన పైచేయిని నిలుపుకొనుట కష్టతరమని వేరుగ చెప్పనక్కరలేదు.

జూడో విద్యకు మూలపురుషుడు జిగోరో కానో. ఇతడు 1860లో జన్మించెను. దేహమున చిన్నవాడు. బాల్యమున పాఠశాలలో బలిష్ఠులైన తోటి బాలురు తన్ను బాధింపగా, తన్ను తాను కాపాడుకొను విద్య నేర్వవలెనని అతనికి పట్టుదల కలిగెను. ఆ కాలమున జపానులో జుజుత్సు అను ప్రాచీన యుద్ధవిద్య క్షీణదశలో నుండెను. కానో టోక్యో విశ్వవిద్యాలయమున చదువుచునే ఆ విద్యను గురువులవద్ద అభ్యసించెను. ప్రాణాపాయము కలిగించు ప్రయోగములను అభ్యాసమునుండి తొలగించి, మిగిలినవానిని శాస్త్రీయముగా పరీక్షించి, విద్యార్థులకు తగిన వ్యాయామముగా మలచెను. 1882లో టోక్యోలోని ఎయిషోజి యను బౌద్ధాలయమున, పండ్రెండు చాపలు పరచిన చిన్నగదిలో, తొమ్మండుగురు శిష్యులతో తన విద్యాలయమును ప్రారంభించెను. దానికి కోడోకాన్ అని పేరు. ఆ విద్యకు జూడో యని పేరు. 'జూ' యనగా మృదుత్వము, 'డో' యనగా మార్గము. బలమును బలముతో ఢీకొనక, దానికి ఒదిగి, దానినే వాడుకొని జయించుట ఈ మృదుమార్గమునకు ప్రాణము.

ఆ విద్యలో నేలపై పట్టియుంచు పట్టులు పెక్కు కలవు. ప్రక్కనుండి పట్టునది ఒకటి, తలవైపునుండి పట్టునది ఒకటి, గుఱ్ఱమునెక్కినట్లు పైకెక్కి పట్టునది ఒకటి. వీనిలో సాధారణముగా ముందుగా నేర్పబడునది కెసా-గటామే. 'గటామే' యనగా బిగించి పట్టుట. ఇక 'కెసా' యను మాటకు మన దేశముతో దగ్గరి బంధుత్వము కలదు. అది బౌద్ధభిక్షువులు ధరించు వస్త్రము పేరు. సంస్కృతములోని 'కాషాయము' చీనాభాషలో 'జియాషా' యై, అచ్చటినుండి జపానుకు చేరి 'కెసా' యైనది. బౌద్ధధర్మముతోపాటు ఆ వస్త్రమును, ఆ మాటయు కడలి దాటి పోయినవి.

ఆంధ్రదేశమున అమరావతి శిల్పములలోని బుద్ధమూర్తిని పరిశీలించినచో ఈ పేరు సార్థకమని తోచును. వస్త్రము ఎడమభుజమును కప్పి, కుడిభుజమును విడిచి, ఛాతీకి అడ్డముగా ఏటవాలున దిగియుండును. వరంగల్లునకు దక్షిణముననున్న ఫణిగిరి కొండపై విహారములలో వసించిన భిక్షువులు ధరించినదియు కాషాయమే. జూడోలో పట్టువాని చేయి క్రిందివాని మెడమీదుగా ఆ వస్త్రమువలెనే ఏటవాలున చుట్టుకొనును. అందుచే దానికి ఆ పేరు వచ్చినది. కాబట్టి దానిని తెలుగున 'కాషాయపు పట్టు' అనవచ్చును. శాంతమూర్తులు ధరించు వస్త్రము పేరు పోరాటములోని పట్టుకు అమరుట వింతగా తోచును గాని, ఆ పట్టు యొక్క స్వభావమును తెలిసినచో ఆ వింత తగ్గును. ఇందులో కొట్టుట లేదు, విరుచుట లేదు. ఊరక కదలనీయకుండుటయే కలదు.

ఆ పట్టు వేయు విధమిట్టిది. క్రిందివాడు వెల్లకిల పడియుండును. పట్టువాడు అతని కుడిప్రక్కన, ప్రక్కటెముకలకు అంటుకొని, తన కుడిపిరుదు చాపపై ఆనునట్లు కూర్చుండును. కుడిచేతిని అతని మెడచుట్టును పోనిచ్చి, వెనుకప్రక్క అంగీ కాలరును పట్టుకొనును. ఎడమచేతితో అతని కుడిచేతిని మోచేతికి పైభాగమున పట్టి, దానిని తన చంకలో బిగించును. కుడికాలిని క్రిందివాని తలవైపునకు చాచును. ఎడమకాలిని మోకాలివద్ద వంచి వెనుకకు నిలుపును. రెండు కాళ్ళ నడుమ ఎంత ఎడముండిన అంత మేలు. పిమ్మట తల దించి, తన ఛాతీ ప్రక్కభాగమును క్రిందివాని ఛాతీపై ఆనించును.

చూచుటకు ఇది సులభము. కాని ఇందు ప్రతి అంగమునకును ఒక పని కలదు. రోకలిని నిలువున నిలిపినచో చిటికెనవ్రేలితో త్రోసినను పడిపోవును. తిరుగలిని రెండుచేతులతో త్రోసినను ఒరగదు. రోకలి అడుగు చిన్నది, గరిమనాభి ఎత్తుగా నున్నది. తిరుగలి అడుగు పెద్దది, గరిమనాభి నేలకు దగ్గరగా నున్నది. వస్తువు గరిమనాభినుండి గీచిన నిలువుగీత దాని ఆధారపీఠములోపల పడునంతవరకు ఆ వస్తువు పడదని ప్రకృతిశాస్త్రము చెప్పుచున్నది. పట్టువాడు కాళ్ళను ఎడముగా చాచి, నడుమును నేలకు దించి, తన్ను తాను తిరుగలిగా మార్చుకొనుచున్నాడు. ఓరుగల్లు గుట్ట చేసినదియు ఇదియే.

రెండవ రహస్యము, బరువును మోపు చోటు. తలుపును మడతబందుల దగ్గర పట్టుకొని ఆపవలెనన్న మిక్కిలి బలము కావలెను. అంచున పట్టుకొనినచో పసివాడైనను ఆపగలడు. వెల్లకిల పడినవాడు లేవవలెనన్న తలను, భుజమును ముందుగా ఎత్తి నడుము దగ్గర వంగవలెను. నడుము మడతబందు వంటిది, భుజములు తలుపు అంచు వంటివి. పట్టువాడు నడుమును విడిచి మెడను, భుజమును పట్టుటకు కారణమిదియే. ఇక చంకలో బిగించిన చేయి క్రిందివానికి ఊతకోల. నేలకు మోచేయి ఆనించి లేచు వీలు లేకుండ దానిని ముందే తీసివైచినాడన్నమాట.

మూడవ రహస్యము మృదుత్వము. నిద్రించు శిశువును ఎత్తుకొనిన తల్లికి మేల్కొనియున్న శిశువు కన్న వాడు బరువుగా తోచును. బరువు పెరుగలేదు, నిద్రించు శిశువు దేహము సడలి, ఎత్తువారి చేతులలోనికి ఒదిగిపోవును. నేర్చినవాని పట్టు కూడ అట్టిదే. కొత్తవాడు పండ్లు కొరికి, కండలు బిగించి, అర నిమిషములో అలసిపోవును. బిగుసుకొనిన దేహము కొయ్యవలె నుండును. దానిని ఒకచోట ఎత్తినచో మొత్తము లేచును. నేర్చినవాడు చేతులను మాత్రము బిగించి, తక్కిన దేహమును సడలించి, నీరునింపిన తిత్తివలె ప్రత్యర్థిపై వాలియుండును. అతడు సుఖముగా ఊపిరి పీల్చుచుండును.

అయినను క్రిందివాడు ఊరకుండడు. అతనికిని ఉపాయములు కలవు. నడుమును పట్టువానికి దగ్గరగా జరిపి, రెండుచేతులతో అతని నడుము కట్టును పట్టి, వంతెనవలె పైకి లేచి, అతనిని తనమీదుగా అవతలికి దొర్లించుట యొకటి. చిక్కిన చేతిని కొంచెము కొంచెముగా లాగికొని, పట్టువానివైపు తిరిగి బోరగిల పడుట మరియొకటి. పట్టువాని కాలిని తన రెండుకాళ్ళతో పెనవేయుట ఇంకొకటి. ఇది జరిగిన వెంటనే పట్టు విడిపోయినట్లు లెక్క. పట్టువాడు ముందునకు మితిమీరి వాలినచో దొర్లిపడును. వెనుకకు వాలినచో లాగబడును. క్రిందివాడు తిరిగినవైపునకు అతడును గడియారపు ముల్లువలె కాళ్ళను జరుపుచు తిరుగవలెను. గుట్టకును మనుష్యునికిని భేద మిచ్చట కనబడును. గుట్ట కదలక నిలుచును. మనుష్యుడు కదలుచునే నిలుకడను కాపాడుకొనవలెను.

పోటీలో పట్టు కుదిరినదని తోచినప్పుడు న్యాయనిర్ణేత చేయి చాచి 'ఒసాయెకోమి' యని పలుకును. అప్పటినుండి కాలము లెక్కింపబడును. పట్టు విడిపోయినచో 'తోకెతా' యని పలుకును. నేటి అంతర్జాతీయ నియమముల ప్రకారము 20 సెకండ్లు పట్టియుంచిన పూర్ణవిజయము. 10 సెకండ్లు నిలిపినను దానికి తగిన గుణము లభించును. పూర్వము పూర్ణవిజయమునకు 30 సెకండ్లు కావలసియుండెను. చదువువారికి 30 సెకండ్లు స్వల్పకాలము. బలమైన ప్రత్యర్థిపై వాలియున్నవానికి, ఆ ప్రత్యర్థి క్రింద చిక్కినవానికి, అది మిక్కిలి దీర్ఘకాలము. అట్టి 30 సెకండ్లు ఒకప్పుడు ఒక జాతినంతను నిశ్చేష్టముగా చేసినవి.

1964లో టోక్యో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. జూడో ఒలింపిక్ క్రీడలలో చేరుట అదియే మొదటిసారి. పోటీదారులను బరువునుబట్టి మూడు తరగతులుగా విభజించిరి. ఆ మూడింటను జపాను వీరులే స్వర్ణపతకములను గెలుచుకొనిరి. నాలుగవది బరువుతో నిమిత్తము లేని పోటీ. చిన్నవాడు నేర్పుచే పెద్దవానిని జయింపగలడను జూడో సిద్ధాంతమునకు ఈ నాలుగవ పోటీయే అసలైన పరీక్షయని జపాను ప్రజలు భావించిరి. అక్టోబరు 23వ తేదీన బుడోకాన్ మందిరము ప్రేక్షకులతో కిక్కిరిసియుండెను. ఒకవైపున జపాను వీరుడు అకియో కామినాగా. రెండవవైపున హాలెండు దేశీయుడు ఆంటన్ గేసింక్. గేసింక్ దాదాపు రెండు మీటర్ల పొడవరి. 1961లో పారిస్ నగరమున ప్రపంచ విజేతయై, జపానేతరులలో ఆ గౌరవము పొందిన ప్రథముడైనవాడు.

పోటీ తొమ్మిది నిమిషములకు పైగా సాగెను. తుదకు కామినాగా విసరబోయిన ప్రయత్నము విఫలమై ఇరువురును నేలకు వచ్చిరి. గేసింక్ క్షణమైనను ఆలస్యము చేయక కాషాయపు పట్టు వేసెను. కామినాగా పెనుగులాడెను. వంతెన కట్టెను. తిరుగజూచెను. పట్టు సడలలేదు. ఒక్కొక్క సెకండు గడచుచుండగా మందిరము నిశ్శబ్దమయ్యెను. 30 సెకండ్లు నిండెను. జూడో జన్మించిన నేలపై, జూడోకు ప్రథమమైన ఒలింపిక్ పోటీలలో, బరువు పరిమితి లేని పతకము విదేశీయునికి దక్కెను. ప్రేక్షకులలో పలువురు కంటతడి పెట్టుకొనిరి.

అప్పుడు జరిగిన మరియొక చిన్న సంఘటన ఆ విజయము కన్నను చిరస్మరణీయమైనది. తమవాడు గెలిచెనను సంతోషమున హాలెండు దేశీయులు కొందరు చాపపైకి పరుగెత్తి రాబోయిరి. గేసింక్ ఇంకను నేలనుండి లేచుచునే చేయి ఎత్తి వారిని వారించెను. ఓడిన వీరుడు ఎదుట నుండగా చాపపై కేకలు, కౌగిళ్ళు తగవని అతని భావము. పిదప ఇరువురును అంగీలు సవరించుకొని, ఎదురెదురుగా నిలిచి, వంగి నమస్కరించిరి. తమ వీరుడు ఓడినను తమ విద్య ఓడలేదని జపాను ప్రజలు ఆ క్షణమున గ్రహించిరి. ఓడించినవాడు తమ విద్యనే నేర్చి, తమ మర్యాదనే పాటించెను.

ఈ కథవలన ఒక సందేహము కలుగవచ్చును. పెద్దవాడే గెలిచినప్పుడు బలమే ప్రధానము కాదా? బలము అక్కరలేదనుట సత్యము కాదు. సమానమైన నేర్పు గలవారిలో బరువు గలవానికి మేలు కలుగును. అందుచేతనే పోటీలలో బరువునుబట్టి తరగతులు ఏర్పరచిరి. కాని గేసింక్ తన బరువునే నమ్ముకొని గెలువలేదు. జపానుకు పోయి అచ్చటి వీరులతో కలిసి ఏండ్ల తరబడి సాధన చేసెను. బరువు అతనికి పుట్టుకతో వచ్చిన ధనము. దానిని ఎచ్చట మోపవలెనో తెలియుట అతడు శ్రమించి ఆర్జించిన ధనము.

భారతదేశమునకు ఈ విద్యను తెచ్చినవారిలో విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు స్మరింపదగినవాడు. ఆయన ఆహ్వానముపై 1929లో షింజో తాకాగాకి యను జపాను గురువు శాంతినికేతనమునకు వచ్చి బాలురకు, బాలికలకు కూడ జూడో నేర్పెను. తెలుగుగడ్డపై, హైదరాబాదు నగరమున, 1966లో ప్రథమ జాతీయ జూడో పోటీలు జరిగినవి. 1992లో బార్సెలోనా ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకును జూడో పతకములు ఏర్పడినవి. మణిపురమునకు చెందిన సుశీలాదేవి 2014లోను, 2022లోను కామన్వెల్తు క్రీడలలో రజతపతకములు గెలిచి, ఈ విద్య భారతీయ బాలికలకును అందుబాటులో నున్నదని నిరూపించెను. కాషాయము పేరుతో కడలి దాటిపోయిన మాట, ఈ విధముగా పట్టుగా మారి స్వదేశమునకు తిరిగివచ్చినది.

ఈ విద్యను గురువు లేక అభ్యసింపరాదు. మెడ సుకుమారమైన అంగము. అనుభవము లేనివారు నేలపై పరిహాసముగా ఈ పట్టు వేసినచో మెడకును, ప్రక్కటెముకలకును గాయము కలుగవచ్చును. జూడో శిక్షణలో ప్రథమదినమున నేర్పు నియమమొకటి కలదు. క్రింద చిక్కినవాడు చాపను గాని, పట్టువాని దేహమును గాని అరచేతితో రెండుసార్లు తట్టినచో, పట్టువాడు ఆ క్షణముననే విడువవలెను. ఇంకొక్క నిమిషము పట్టుదునను మాట లేదు. ఆ తట్టుటలో అవమానము లేదు. విడుచుటలో నష్టము లేదు. తట్టినవాడు రేపు మరల సాధన చేయును. విడిచినవానికి రేపును తోడుండును. సాధన చేయుటకు తోడులేనివాడు జూడో నేర్వలేడు. తానును, ఎదుటివాడును కలసి వృద్ధిచెందవలెనని కానో బోధించిన సూత్రమునకు అర్థమిదియే.

ఓరుగల్లు గుట్టపైకెక్కి చూచువారికి కాకతీయుల కోట ప్రాకారములును, వాని నడుమ పంటపొలములును, ఇండ్లును కనబడును. ఆ గుట్ట తన బరువుచే ఎవ్వరిని అణచుట లేదు. ఊరికి పేరిచ్చి, ఎక్కినవారికి నిలువ నీడయు, చూడ దూరమును ఇచ్చుచున్నది. బలము గలవాడు నేర్వవలసినదియు అంతియే. గట్టిగా పట్టుట నేర్చినవాడు, పట్టు విడువవలసిన క్షణమును కూడ గుర్తింపగలిగినప్పుడే అతని విద్య పూర్తియగును.